ఉప్పుటేరు బ్యాండు ఆఖరి క్యాసెట్టు

పొద్దున్నే పెసరట్ల పిండి రుబ్బుతున్న కుసుమకి అటక మీంచి దడదడా చప్పుళ్లు వినిపించాయి. చూస్తే నిచ్చెన మీద మొగుడు. తల అటకలో, కాళ్లు వంటింట్లో.

"ఏవండీ, పొద్దున్నే అక్కడేం పోగొట్టుకున్నారు? దిగొచ్చి అల్లం తరగండి. ఇందు బస్సు దిగేసిందంట."

"క్యాసెట్ల డబ్బా ఏదే? రేకు డబ్బా!"

"నన్నడిగితే? అటక సర్దించింది అత్తయ్యగారు."

శ్రీహరి నిచ్చెన మీదే చతికిలబడ్డాడు.

ఏలూరులో ఎరువుల కొట్టు నడుపుకునే శ్రీహరి ఒకప్పుడు కీబోర్డు వాయించేవాడంటే ఇప్పుడెవరూ నమ్మరు. గిటారుకి నెల్సన్, డ్రమ్స్‌కి జేమ్స్, బ్యాండు పేరు 'ఉప్పుటేరు'. ఒక్కో పాట క్యాసెట్టులో ఒక పక్కంతా తినేసేది. మధ్యలో తాళం మారిపోయేది, మాటలు మాయమైపోయేవి. పెళ్లి పందిట్లో వాయిస్తే "బాబూ, సినిమా పాటలేం రావా?" అని అడిగి, భోజనం పెట్టి పంపేశారు. అలాంటి పాటల్ని ఇన్నేళ్లకి ఇంటర్నెట్టులో ఎవరో వెతికి పట్టుకున్నారు. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ వాటిని బాక్స్ సెట్‌గా వేస్తోంది. పాతవన్నీ మూడు రికార్డుల్లో, అప్పట్లో బయటికి రానివి నాలుగో దాంట్లో.

ఆ నాలుగో దాని కోసం కావలసింది ఒకే ఒక్క క్యాసెట్టు. అందులో పాడింది శ్రీహరి చెల్లెలు వెంకటదుర్గ.

దుర్గ తొలి కాన్పులోనే పోయింది. పుట్టిన పిల్ల ఇందుజని శ్రీహరి, కుసుమ పెంచుకున్నారు. ఆ పిల్ల ఇప్పుడు జంగారెడ్డిగూడెంలో పామాయిల్ ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. వాళ్లమ్మ ఫోటోలు చాలా చూసింది గానీ గొంతు ఎరగదు. బాక్స్ సెట్ సంగతి వచ్చాక శ్రీహరి ఫోనులో నోరు జారాడు, "మీ అమ్మ పాడిన పాటొకటుందమ్మా నా దగ్గర" అని. ఇందుజ సెలవు పెట్టి ఉన్నపళంగా బయల్దేరింది.

వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

"మావయ్యా! ఏదీ? పెట్టు, ముందు అది విని తర్వాతే టిఫిను."

"డబ్బానే కనబడట్లేదమ్మా," అన్నాడు శ్రీహరి నిచ్చెన దిగుతూ. వెనక వరండాలో చిక్కుళ్లు ఒలుస్తున్న శ్రీహరి తల్లి వీరరాఘవమ్మ పలికింది.

"ఆ రేకు డబ్బానా? ముత్యాలరావు పట్టుకెళ్లాడు కదరా, చెరువుకి."

కొల్లేటి వైపు వాళ్లకో చేపల చెరువుంది. పిల్లచేప వదిలిన కొత్తలో నీటికాకులు గుంపులుగా దిగి మింగేస్తాయి. అందుకని గట్ల మీద కర్రలు పాతి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి క్యాసెట్టు టేపు లాగి కడతారు. ఎండకి తళుక్కుమంటుంది, గాలికి జుయ్యిమంటుంది, పిట్ట దిగదు. కాపలా ఉండే ముత్యాలరావు పాత క్యాసెట్లు అడిగితే, వీరరాఘవమ్మ డబ్బా దింపించి ఇచ్చేసింది.

"అమ్మా! ఎంత పని చేశావే! నన్నొక్క మాట అడక్కూడదా?"

"పాత టేపులకి పంచాయితీ పెట్టి అడగాలా? పిచ్చి వాయింపులేగా అవి!"

"అందులో మా అమ్మ ఉంది అమ్మమ్మా," అంది ఇందుజ. "మా అమ్మని తీసికెళ్లి నీటికాకులకి కట్టావు నువ్వు."

వీరరాఘవమ్మ చేతిలోంచి చిక్కుడుకాయ జారిపోయింది.

"దుర్గా? దుర్గ పాడిందా? ఎప్పుడు?"

శ్రీహరి తలొంచుకున్నాడు. "టైపు క్లాసుకని వెళ్లేది కదమ్మా. తాడేపల్లిగూడెంలో మూతబడ్డ రైసు మిల్లులో రికార్డింగు పెట్టుకునేవాళ్లం. మగపిల్లల బ్యాండులో పాడిందంటే సంబంధాలు రావని నాన్నగారు..."

"మీ నాన్న పోయి ఎన్నేళ్లయిందిరా? ఈ ఇంట్లోనే ఉన్నాను కదా! నా కూతురి గొంతు నా నెత్తి మీద అటకలో పెట్టుకుని, కింద నాకు మజ్జిగన్నం పెట్టావు. ఒక్క మాట చెప్పుంటే ఆ డబ్బా పక్కలో పెట్టుకు పడుకునేదాన్ని."

"నాకు మాత్రం చెప్పాడా?" అంది ఇందుజ కళ్లు తుడుచుకుంటూ. "నేను పెద్దయ్యాక వినిపిద్దామనుకున్నాడంట. ఎంత పెద్దవ్వాలి మావయ్యా? తలపండాలా?"

"వింటే తట్టుకోలేనని భయమేసిందే," అన్నాడు శ్రీహరి. "నీ కోసం కాదు. నా కోసమే దాచాను."

పిండి అలాగే వదిలేసి, కుసుమ కారు తాళాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఏడుపులు తర్వాత. పదండి."

నలుగురూ చెరువు దగ్గరికి వెళ్లేసరికి ఎండ చుర్రుమంటోంది. నీళ్ల మీద అడ్డంగా నిలువుగా టేపులే టేపులు. కొన్ని తెగి నీళ్లలో వేలాడుతున్నాయి, కొన్ని మెలితిరిగి కర్రలకి చుట్టుకున్నాయి.

"ముత్యాలరావూ, మా డబ్బాలోవి ఏవి?"

"ఆయ్, అన్నీ కలిపి కట్టేశానండి. మీవీ ఉన్నాయి, చర్చిలోవాళ్లు ఇచ్చినవీ ఉన్నాయి. ఏది ఎవరిదో ఎలా తెలుస్తాదండి బాబూ? అన్నీ ఒకటే రంగాయె."

శ్రీహరి ప్యాంటు మడవకుండానే నీళ్లలోకి దిగాడు. లాగితే తెగుతోంది, వదిలితే నాచులో మునిగిపోతోంది. ఇందుజ అటు గట్టు మీద కర్రలు పీకుతూ, టేపు చేతికి చుట్టుకుంటూ, చుట్టిందే మళ్లీ చిక్కుపడుతుంటే వెక్కుతోంది. గాలి ఒక్కసారి గట్టిగా వీస్తే చాలు, వాళ్లమ్మ తెగి కొల్లేట్లో కలిసిపోయేలా ఉంది.

"అత్తయ్యగారూ! ఆగండి, జారుతుంది!" అని అరిచింది కుసుమ.

వీరరాఘవమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని మోకాలి లోతుకి దిగింది. గాలికి జుయ్యిమంటున్న టేపు దగ్గరకు చెవి పెట్టింది. ఇంకోదాని దగ్గరికి నడిచి అక్కడా పెట్టింది.

"ఇందూ, ఇది చూడవే. ఇదేమో!"

ఒక్కో టేపునీ అలా వింటూ తిరుగుతున్న ముసలమ్మని చూసి ఎవరికీ నవ్వు రాలేదు. ఇందుజ వెళ్లి ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. "పద అమ్మమ్మా, అన్నీ తీసుకుపోదాం. చర్చివాళ్లవైనా సరే."

మేత సంచి నిండా టేపు కూరుకుని తాడేపల్లిగూడెం వెళ్లారు. నెల్సన్ అక్కడ మైకుసెట్ల షాపు పెట్టుకున్నాడు. సంచి విప్పి చూసి తలపట్టుకున్నాడు.

"ఏరా, ఇవి టేపులా, సేమ్యానా?" అన్నాడు. "వీటిని ఎండకి కాల్చి, నీళ్లలో నానబెట్టి, ఇప్పుడు పాడమంటున్నారు. నా మీద ఆశలు పెట్టుకోకండి పిన్నిగారూ."

కడిగారు, ఆరబెట్టారు, చిక్కులు తీశారు. తెగిన ముక్కలు అతికించి మెషీన్ మీద పెడుతుంటే ఒక దాంట్లో ప్రార్థన, ఒక దాంట్లో ఒట్టి గరగర. ఇంకో దాంట్లో జేమ్స్ డ్రమ్స్ ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు వినిపించాయి. శ్రీహరి ఎగిరి కూర్చున్నాడు.

"ఇదే! ఇదే మన పాట!"

డ్రమ్స్ పోయాయి. కీబోర్డు రెండు సార్లు మూలిగి ఆగిపోయింది. దుర్గ గొంతు అందుకోవలసిన చోటు వచ్చింది, గరగర తప్ప ఏమీ లేదు. మిగిలిన ముక్కలన్నీ అంతే. నెల్సన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పాట లేదమ్మా ఇందూ. పోయింది."

ఇందుజ గోడకి ఆనుకుని మొహం చున్నీలో దాచుకుంది. వీరరాఘవమ్మ మాత్రం సంచి అడుగున తడిమి, వేలెడు చుట్టలా మెలికపడ్డ ముక్క తీసి అతనికి అందించింది. "ఇది పెట్టలేదు నువ్వు."

పెట్టాడు. గరగర మధ్యలోంచి ఒక ఆడపిల్ల నవ్వు పైకి తేలింది.

"అన్నయ్యా, తాళం తప్పానురా, మళ్లీ మొదలెడదాం. తొందరగా కానివ్వండి బాబూ, ఆలస్యంగా వెళితే మా అమ్మ చంపేస్తుంది!"

అంతే. టేపు అయిపోయి చక్రం ఊరికే తిరుగుతోంది.

"చంపను తల్లీ," అంది వీరరాఘవమ్మ మెషీన్‌తో. "చంపనే. మెల్లిగా పాడుకునే రా."

ఇందుజ పరుగున వచ్చి ఆవిడ ఒళ్లో తల పెట్టేసింది. "నాలాగే ఉంది అమ్మమ్మా. అచ్చు నా గొంతే."

"నీది కాదే పిచ్చిదానా, దానిదే నీకొచ్చింది," అంటూ ఆవిడ మనవరాలి జుట్టు నిమిరింది. శ్రీహరి ఆ ఇద్దరి పక్కనే నేల మీద కూలబడితే, తల్లి రెండో చెయ్యి అతని వీపు మీదకొచ్చింది.

పాట లేదు, మాటలే ఉన్నాయని కంపెనీకి ఫోను చేసి చెబితే, అవే పంపండి, నాలుగో రికార్డులో వేస్తాం అన్నారు. గొంతు ఎవరిదని రాయాలి అని అడిగారు. శ్రీహరి అలవాటు చొప్పున నసిగాడు.

వీరరాఘవమ్మ ఫోను లాక్కుంది.

"రాసుకో బాబూ. వెంకటదుర్గ. మా ఇంటిపేరు కూడా చెబుతాను, అది ముందు వెయ్యి. వీరరాఘవమ్మ కూతురు అని కింద రాయి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, నాకు కళ్లు ఆనవు."