చుట్టాలు లెక్కలోకి రారు

“మీ మెంబర్‌గారి ల్యాప్‌టాప్ ఆన్‌లో లేదండీ,” అన్నాను.

కిటికీ పక్కన కూర్చున్న ఆవిడ టకటకా టైప్ చేస్తూనే ఉంది. స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. పక్క కుర్చీలో ఒక పెద్దాయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గుర్రు పెడుతున్నాడు.

కౌంటర్ వెనక అమ్మాయి నన్ను కొరికేసేలా చూసింది. “పవర్ సేవింగ్ మోడ్,” అంది.

“ఇంకా ఎంతసేపు కొట్టాలే? వేళ్ళు పీకుతున్నాయి!” అంది ఆవిడ.

నాకు నవ్వాగలేదు.

నేను సినిమాలకు సబ్‌టైటిల్స్ రాస్తాను. మా ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఆ గోలలో ఒకసారి హీరోయిన్ నోట మా వదిన చెప్పిన కూరగాయల లిస్టు టైప్ చేసి పంపేశాను. అందుకే ‘కోవర్కింగ్ స్పేస్: డబ్బు కట్టి కూర్చుని పని చేసుకునే చోటు. మొదటి రోజు ఉచితం’ అన్న కాగితం గేటు మీద కనబడగానే మెట్లెక్కాను.

“వీళ్ళంతా మీ చుట్టాలేనా?”

“పిన్నీ, బాబాయీ. అయితే ఏంటి? ఖాళీ హోటల్లోకి ఎవరైనా వెళ్తారా?”

“అబద్ధం చెప్తే మాత్రం వస్తారా?”

“నీతులు చెప్పేవాళ్ళకి ఫ్రీ ట్రయల్ లేదు. మెట్లు అటు.”

సగం మెట్లు దిగేసరికి పిన్నిగారు వెనకే వచ్చి అసలు సంగతి చెప్పింది. కింద ఉన్న కళ్ళజోళ్ళ షాపూ, ఈ పై హాలూ ఆ అమ్మాయి నాన్నవి. నెలాఖరుకి పదిమంది మెంబర్లు చేరకపోతే ఆయన హాలుని ఫర్నిచర్ గోడౌన్‌కి ఇచ్చేస్తారట. ఆ అమ్మాయి తన అన్నయ్య ఆఫీసులో ఉద్యోగానికి వెళ్ళాలట.

“చచ్చినా వెళ్ళదు బాబూ. దాని మొండితనం నీకు తెలీదు,” అంది పిన్నిగారు.

మర్నాడు వానలో తడుస్తూ మళ్ళీ వెళ్ళాను. గేటు దగ్గర ఆమె నిచ్చెనెక్కి కొత్త బోర్డు కడుతోంది. ‘లోపల ఎవరూ లేరు. గోల లేదు. వచ్చి పని చేసుకోండి.’

షాపులోంచి వాళ్ళ నాన్న బయటికొచ్చారు. “పరువు తీస్తున్నావే!”

“ఉన్నమాటేగా నాన్నా. ఇక చుట్టాల్ని కూర్చోబెట్టను, లెక్కలోనూ వెయ్యను. ఒట్టు!”

నిన్న నేనన్న మాటకి పట్టిన పంతం అది. సిగ్గేసింది, వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాను.

“వదలండి. నేనేం పడను.”

నిజమే, పడలేదు. పడింది నేను.

బోర్డు చూసి నవ్వుకుంటూ పోయినవాళ్ళు పోయారు. నవ్వుకుంటూ పైకొచ్చినవాళ్ళూ ఉన్నారు. జవాబు పత్రాలు దిద్దే లెక్చరరమ్మ వచ్చింది. ఇళ్ళ ప్లాన్లు గీసే ఇద్దరు వచ్చారు. ఎవరూ పిలవని చోటు కావాలంటూ ఒక డాక్టరు వచ్చాడు. నెలాఖరు సాయంత్రానికి తొమ్మిదిమంది తేలారు.

నేను రోజూ అక్కడే ఉన్నాను. ఎప్పుడు మెంబర్‌షిప్ ఫారం అడిగినా “ముందు ఆ ప్రింటర్ సంగతి చూడండి,” అనేది. ఆ సాయంత్రం నేనే ఒక ఫారం తీసి, నింపి, ఆమె ముందు పెట్టాను.

పర్రున చింపేసింది.

“పిచ్చా మీకు? నేను పదోవాణ్ణి!”

“పని కోసం వస్తున్నారా, నా కోసమా?”

బొంకలేకపోయాను. “మీ కోసమే. మీరంటే నాకిష్టం.”

“అందుకే చింపాను,” అంది.

అంతలో వాళ్ళ నాన్న పైకొచ్చి తలలు లెక్కపెట్టారు. “తొమ్మిదే. ఇతనో?”

“లెక్కలోకి రాడు నాన్నా. చుట్టం కాబోతున్నాడు.”

హాల్లో కీబోర్డులన్నీ ఆగిపోయాయి. ఆయన నావైపు తిరిగారు. “ఏమయ్యా, నీకు ముందే తెలుసా?”

“ఇప్పుడే తెలిసిందండీ.”

“నాకూ అంతే,” అని ఆయన కుర్చీలో కూలబడ్డారు. “అయినా మాట మాటే. పదిమంది లేరు.”

“లేరు. దొంగలెక్క చెప్పుంటే ఉండేవాళ్ళు. హాలు మాత్రం ఇవ్వను. కావాలంటే వీళ్ళని మీరే లేపి పంపండి, చూస్తాను.”

లెక్చరరమ్మ పేపర్లోంచి తలెత్తకుండానే, “నేను లేవనండీ,” అంది. మిగతావాళ్ళూ కదల్లేదు.

ఆయన కుర్చీలోంచి లేచారు. “సరే, ఆరు నెలలు చూద్దాం. ఆదివారం ఈ అబ్బాయి పెద్దవాళ్ళని రమ్మను.”

“సంవత్సరం నాన్నా,” అంది ఆమె, ఆయన ఎదురుగానే నా చెయ్యి పట్టుకుని.