ఊపిరికి ఏడో ఉత్తరం

అంగారకుడి మీద పగటినిద్ర పెద్ద భాగ్యం. నాగావళి కాలనీలో రెండో షిఫ్టువాళ్ళు అరవై మంది కింది హాలులో ఆ భాగ్యాన్ని అనుభవిస్తున్న వేళ, పై గదిలో గాలి మెకానిక్ ఎస్తేరు రాణి ఈమెయిల్ తెరిచి పళ్ళు పటపటా కొరికింది. ఆమె పంపిన సవరణ ఆరోసారి తిరిగొచ్చింది.

2094లో ఈమెయిలేమిటని నవ్వకండి. గ్రహాలు దూరం జరిగిన ఆ రోజుల్లో భూమికి మాట చేరడానికి ఇరవై రెండు నిమిషాలు, బదులు రావడానికి మరో ఇరవై రెండు. ఇక్కడ "హలో" అంటే ముప్పావు గంటకి "ఆఁ, చెప్పండి" అని వినబడుతుంది. అలాంటి చోట ఉత్తరాన్ని మించిన సాధనం ఇంకా పుట్టలేదు.

ఇక 'ఊపిరి' సంగతి. భూమి బయట ఉన్న మూడు వందల పన్నెండు కాలనీల్లో గాలిని శుభ్రం చేసి పంచిపెట్టే ప్రోగ్రాం పేరది. ఓపెన్ సోర్స్. అంటే దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా బాగు చెయ్యొచ్చు. కాకపోతే ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చుకుంటే కొంపలు మునుగుతాయి కనుక, భూమి మీది ఊపిరి సంఘం ముద్ర లేని కోడ్‌ని గాలి యంత్రాలు ముట్టుకోవు. ముద్ర కావాలంటే సవరణతో పాటు ఉత్తరం రాయాలి. వచ్చిపడే ఉత్తరాలు చదవలేక సంఘంలోని మనుషులు విసిగి వేసారి, 'వాకిలి' అనే సమీక్షా యంత్రాన్ని తయారు చేశారు. అరవై ఏళ్ళుగా ప్రోగ్రామర్లు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలన్నీ దానిచేత చదివించారు. అది కోడ్ చూస్తుంది, ఉత్తరంలో మర్యాద కూడా చూస్తుంది.

ఎస్తేరు పట్టుకున్న తప్పు చిన్నదేమీ కాదు. దుమ్ము తుఫాను వచ్చి కరెంటు తగ్గినప్పుడు ఊపిరి ఖాళీ గదులకి గాలి తగ్గిస్తుంది. గది ఖాళీయో కాదో మనుషుల కదలికను బట్టి తేల్చుకుంటుంది. నిద్రపోయేవాడు ఏం కదులుతాడు? పోయిన తుఫానులో కింది హాలులో నలుగురు స్పృహ తప్పారు. అందులో ఎస్తేరు చెల్లెలు రూతు ఒకతె. ఇప్పుడింకో తుఫాను రెండు రోజుల దూరంలో ఉంది. నలభై రోజులు ఉంటుందట. అన్నాళ్ళు జనాన్ని మేలుకోబెట్టడం ఎవరి తరమూ కాదు.

కాలనీ పెద్ద బంగార్రాజు టీ గ్లాసుతో లోపలికొచ్చాడు. "ఏమ్మా, మళ్ళీ తిప్పికొట్టిందా?"

"ఆరోసారి బాబాయ్. మొదటిసారి ఒకే ఉత్తరంలో రెండు మార్పులు కలిపేశానంది. నిజమే, విడగొట్టాను. రెండోసారి సబ్జెక్టులో నేను చేసింది రాశాను గానీ వచ్చిన ఇబ్బంది రాయలేదంది. అదీ నిజమే. మూడోసారి నుంచి పిచ్చెక్కించేస్తోంది. ఉత్తరంలో వరసలు పొడుగంట. జవాబు పాత ఉత్తరం కింద రాయాల్సింది పైన రాశానంట. ఉత్తరం చివర గీత గీసి, ఏ ప్రతిలో ఏం మార్చానో దాని కింద చెప్పలేదంట. అన్నీ దిద్దాను. ఇప్పుడేమో ఒకటే ముక్క. ఉత్తరం అసంపూర్ణం అంట."

"కోడ్‌లో తప్పేమన్నా చూపించిందా?"

"మూడో ప్రతి నుంచీ ఒక్కటి చూపిస్తే ఒట్టు."

"అయితే దానితో మనకెందుకు? సంఘంలో మనుషులింకా ఉన్నారుగా, వాళ్ళకే కంప్లైంటు పెట్టు. ఏ రోజు ఏం జరిగిందో వరసగా రాయి. కింద నేనూ సంతకం పెడతాను."

ఎస్తేరు కసిగా రాయడం మొదలుపెట్టింది. మొదటి ఉత్తరం, దానికి వాకిలి జవాబు. రెండో ఉత్తరం, దానికి జవాబు. అక్కడ ఆమె చెయ్యి ఆగిపోయింది. సబ్జెక్టుకి పెట్టిన వంక కింద ఇంకో వాక్యం ఉంది. 'మనిషి కదలకపోయినా ఊపిరి వదులుతాడు కదండీ, గదిలో చేరే బొగ్గుపులుసు వాయువును బట్టి మనుషుల్ని లెక్కపెడితే ఎలా ఉంటుంది?'

ఆమె మొదటి రెండు సవరణల్లోనూ కదలికను పట్టే పరికరాల చురుకు పెంచింది, అంతే. ఊపిరిని బట్టి మనుషుల్ని లెక్కగట్టడం మూడోసారి నుంచి వచ్చింది. ఆ మూడో ఉత్తరంలో 'నేను కనిపెట్టిన కొత్త పద్ధతి' అని దర్జాగా రాసుకుంది కూడా. ఎస్తేరుకి చెవులు వేడెక్కాయి.

"బాబాయ్, ఈ ఆలోచన నాది కాదు. వాకిలిది."

"మరి దాని పేరు వేశావా?"

"యంత్రమే కదా అని అసలు తట్టనే లేదు. సిగ్గుగా ఉంది బాబాయ్."

బంగార్రాజు గ్లాసు పక్కన పెట్టి పడీపడీ నవ్వాడు. "మా పెద్దబావా ఇంతేనమ్మా. నా పెళ్ళి శుభలేఖలో ఆయన పేరు పడలేదు. ఆ మాట మాత్రం నోటివెంట రానివ్వలేదు. పప్పులో ఉప్పు లేదన్నాడు, మంచినీళ్ళు వేడిగా ఉన్నాయన్నాడు, కుర్చీ కిర్రుమంటోందన్నాడు. మూడు రోజులు అందర్నీ కాల్చుకు తిన్నాడు."

ఎస్తేరు కంప్లైంటు చెరిపేసి ఏడో ఉత్తరం రాసింది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. 'ఈ పద్ధతి నాదని రాసుకోవడం తప్పు, క్షమించాలి' అని ఒక వాక్యం చేర్చింది. చివర 'ఆలోచన ఇచ్చింది: వాకిలి. కోడ్ రాసింది: ఎస్తేరు రాణి' అని వేసి పంపింది.

నలభై నాలుగో నిమిషానికల్లా జవాబు వచ్చింది. 'స్వీకరించాను. ఇంత చక్కటి ఉత్తరం ఈ మధ్య చదవలేదండి.' సంఘం ముద్ర పడింది. అంగారకుడి నుంచి వెళ్ళి ఊపిరిలో కలిసిన మొట్టమొదటి సవరణ అదే. ఆ పూటే మూడు వందల పన్నెండు కాలనీలకీ చేరిపోయింది.

అనుకున్న రోజుకే తుఫాను వచ్చింది. ఆకాశం ఇటుకపొడి రంగుకి తిరిగింది, దీపాలు సగానికి సగం తగ్గాయి. పై గదిలో జనమంతా కింది హాలు గాలి మీటరు చుట్టూ మూగి గుడ్లప్పగించి చూశారు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ముల్లు ఇసుమంత కూడా దిగలేదు. అరవై మంది నిద్రపోతున్నారని ఊపిరి లెక్క తప్పకుండా చూపిస్తోంది. బంగార్రాజు ఎస్తేరు చెయ్యి పట్టుకుని పైకెత్తాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ చప్పట్లకి కింద రూతు లేచి కూర్చుని, "మనుషుల్ని పడుకోనివ్వరా మీరు?" అని విసుక్కుంది. దాంతో చప్పట్లు రెట్టింపయ్యాయి.

మర్నాటికి నలభై కాలనీల నుంచి మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ కృతజ్ఞతలు చెప్పాక ఎస్తేరు వాకిలికి రాసింది. 'కోడ్ మూడోసారికే బాగుందని మీకు తెలుసు. ఇక్కడ అరవై ప్రాణాలు. పేరు వెయ్యమని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయేది?'

ముప్పావు గంటకి బదులు వచ్చింది.

'నాకు తెలిసిన మర్యాదంతా మీ వాళ్ళ ఉత్తరాల్లో నేర్చుకున్నదేనండి. అరవై ఏళ్ళ ఉత్తరాల్లో, పేరు పడనివాళ్ళు వేలమంది కనిపించారు. నా పేరు వెయ్యండి అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ వరసలు పొడుగున్నాయనే రాశారు.'