ఫిట్ కాదు

ఉదయం ఎనిమిదింటికే ముందుగదిలో కుట్టుమిషను మొదలైంది. కొత్త గౌను వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగిన ఒకావిడ "ఫిట్ అదిరిందండీ!" అని మురిసిపోయి వెళ్ళింది. ఆ ఇంట్లో ఆ మాట లేకుండా పూట గడవదు. ఇంటాయన పంపుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరు. పోయినేడాది రిటైరైనా వీధంతా ఇంకా ఫిట్టరుగారనే పిలుస్తుంది. ఇంటావిడ ఫిట్టింగు కోసం నాలుగు వీధుల అవతలి నుంచి కూడా వస్తారు. ఇక వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఊహ తెలిసినప్పటి నుంచి తల్లి నోట విన్నది ఒకటే: "అది నీకు ఫిట్ కాదే."

సైకిలు ఫిట్ కాదు. ఈత ఫిట్ కాదు. మేడమెట్ల మీద ఆటలు ఫిట్ కాదు. కాళ్ళూ చేతులూ సవ్యంగా ఉన్న పిల్లకి ఈ అడ్డుపుల్లలేమిటో! ఇరవై ఆరేళ్ళు వచ్చేసరికి ఆ మాట వింటేనే కూతురికి అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ కసితోనే ఇంట్లో చెప్పకుండా డ్రైవింగ్ నేర్చుకుంది, బస్సు డ్రైవరుగా ఎంపికైంది కూడా. తెలిసిన రోజున తల్లి ఒంటికాలి మీద లేచి, ఆ తర్వాత నెల రోజులు మాట్లాడలేదు. ఇక మిగిలింది డాక్టరిచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఒక్కటే. పదకొండింటికి రమ్మన్నారు.

కూతురు బల్ల ముందు కూర్చుని ఫారం నింపుతూ పైకే చదువుతోంది. "చూపు సమస్య... లేదు. వినికిడి సమస్య... లేదు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా..."

"చిన్నప్పుడెప్పుడోలే," అన్నాడు తండ్రి కాఫీ చల్లార్చుకుంటూ. "ఎనిమిదేళ్ళప్పుడు ఆగిపోయాయిగా."

మిషను ఆగిపోయింది. కూతురి చేతిలో పెన్నూ ఆగిపోయింది.

"ఏం ఆగిపోయాయి నాన్నా?"

తండ్రి ఇద్దరి మొహాలూ చూసి తెల్లబోయాడు. "నీకు తెలుసనుకున్నానమ్మా! మీ అమ్మ ఎప్పుడో చెప్పే ఉంటుందనుకున్నా."

"అయ్యో రామా! పద్దెనిమిదేళ్ళు నోట్లో నానిన నువ్వుగింజ ఇవాళే ఊడిపడాలా?" తల్లి గబగబా వచ్చి ఫారం మీద చెయ్యి వేసింది. "రాయకే. అక్కడ లేదని రాసెయ్."

"నాకు ఫిట్స్ వచ్చేవా?"

"వచ్చేవి. పోయాయి. ఇప్పుడెందుకు తవ్వడం?"

"రోజూ బలం మాత్రలని మింగించావే, అవేనా?"

తల్లి తలూపింది.

కూతురు లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడినా చూడలేదు. "నేనే చేతకానిదాన్ననుకున్నానమ్మా! అందరూ ఈత కొడుతుంటే గట్టు మీద కూర్చుని వాళ్ళ బట్టలకి కాపలా కాశాను. నాలో ఏదో లోపముంది, మా అమ్మకి నేను నచ్చలేదు అనుకుని ఎన్ని రాత్రులు ఏడ్చానో తెలుసా? ఒక్క ముక్క చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది?"

"చెబితే నువ్వు భయంతో బతికేదానివి."

"ఇప్పుడేమైనా ధైర్యంతో బతికానా? నెలల తరబడి బస్సు నేర్చుకున్నాను. ఆ సంగతి బయటపడ్డాక కూడా ఫిట్స్ మాట ఎత్తలేదు నువ్వు!"

"పద్దెనిమిదేళ్ళయిందే అవి రాక! ఆ ఉద్యోగం వద్దు, మానెయ్. కాగితం చించెయ్. అంతేగాని ఆ మాట మాత్రం రాయకు."

"నా వెనక యాభై మంది కూర్చుంటారమ్మా!"

"ఎవరే ఆ యాభై మంది?" తల్లి కూడా నిప్పులు కక్కింది. "స్కూల్లో మీటింగు రోజున నీకు నా ఒళ్ళోనే ఫిట్స్ వచ్చినప్పుడు, చుట్టూ ఉన్నదీ యాభై మందే! ఒక్కళ్ళు గుక్కెడు నీళ్ళివ్వలేదు. పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు, అంటుకుంటుందట! నురగ కూడా తుడవకముందే పెద్ద టీచరొచ్చి, 'మీ పాప మా స్కూలుకి ఫిట్ కాదు' అంది. నెల తిరక్కుండా ఇల్లు మార్చేశాను. జన్మలో ఇంకెవరూ నిన్నా మాట అనకూడదని..."

"అందుకని నువ్వన్నావు," అంది కూతురు.

తల్లి నిలబడ్డ చోటే బల్ల అంచు పట్టుకుంది.

"అవును," అంది చివరికి. "ఆవిడ ఒక్కసారే అంది. నేను రోజూ అన్నాను."

కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. కూతురు దగ్గరకి వెళ్ళలేదు. కోపం ఇంకా అలాగే ఉంది, అంత తేలిగ్గా పోయే కోపమా అది! పడిపోయిన కుర్చీ లేవనెత్తి, కూర్చుని, ఫారంలో ఆ ప్రశ్న ఎదురుగా 'అవును' అని రాసింది.

"ఎన్నిసార్లొచ్చాయో, ఎప్పుడు ఆగాయో డాక్టరు అడుగుతాడు. నాకేమీ తెలీదు. నువ్వు రావాలి," అంది తలెత్తకుండా.

ఆస్పత్రి గదిలో డాక్టరు ఫారం చదివి కళ్ళజోడు సవరించుకున్నాడు. మందులు మానేశాక చాలా ఏళ్ళు రాకపోతే దారి ఉంటుందనీ, పరీక్షలు చేశాకే ఏ సంగతైనా రాయగలననీ చెప్పాడు. కూతురు తలూపింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తెలీదు.

"మొత్తం ఎన్నిసార్లు వచ్చాయి?"

"పదకొండు," అంది తల్లి వెంటనే. "మొదటిది మూడో ఏట. నిద్రలో నాలుగు, మెలకువలో ఏడు. ఆఖరిది ఎనిమిదో పుట్టినరోజు దాటిన తొమ్మిదో రోజున, పొద్దున్నే."

డాక్టరు రాసుకుంటూ అడిగాడు. "వచ్చినప్పుడు పక్కన ఎవరుండేవారు?"

"నేనే."

"అన్నిసార్లూనా?"

"అన్నిసార్లూ నేనేనండీ. దాన్ని ఒక్క నిమిషం వదిల్తేగా."

కూతురు తల తిప్పి తల్లిని చూసింది. తన కుర్చీని బరబరా లాక్కుని తల్లి కుర్చీకి ఆనించి, ఆ భుజం మీద తల పెట్టేసింది.