ఎర్ర మూత ఏ వైపు

మొదటి పరిచయంలోనే ఆమె అతని చేత మట్టి తినిపించింది.

పర్యావరణ భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ మొదటి ఏడాది, మొదటి ఫీల్డ్ వర్క్. కాలువ గట్టు మీద సీనియర్లు మట్టి రకాలు చూపిస్తుంటే జూనియర్లందరూ బుద్ధిగా రాసుకుంటున్నారు. ఇతను మాత్రం మబ్బులు చూస్తున్నాడు. అది కనిపెట్టిన రెండో ఏడాది అమ్మాయి ఒకతె దగ్గరికొచ్చి, అతని అరచేతిలో చిటికెడు మట్టి పెట్టి, ముందు పళ్ళ మధ్య పెట్టి కొరకమంది.

ర్యాగింగ్ అనుకుని కొరికాడు.

"గరగరలాడిందా?"

"ఆడింది."

"అయితే సిల్ట్. మెత్తగా జారిపోతే క్లే. ర్యాగింగ్ కాదు బాబూ, సిలబస్."

ఆమె నవ్వితే చూస్తూ ఉండిపోయి, ఉమ్మాల్సిన మట్టి కాస్తా మింగేశాడు. ఆ రోజే అతనికి పరధ్యానం అని పేరు పెట్టింది. సాయంత్రానికి డిపార్ట్‌మెంట్ అంతా అదే పేరుతో పిలిచింది.

జూనియర్లందరూ ఆమెను అక్కా అనేవారు. ఇతనికి ఆ పిలుపు చచ్చినా నోటికి రాలేదు. మేడమ్ అందామంటే ఆమె పాఠాలు చెప్పే మనిషి కాదు, పేరు పెట్టి పిలిచేంత ధైర్యం లేదు. ఏడాదంతా "ఏమండీ" కూడా మింగేసి, ఎదురుగా వెళ్ళి నిలబడి, ఆమె చూసేదాకా గొంతు సవరించుకుంటూ నెట్టుకొచ్చాడు. గొంతు నొప్పికి మందు వేసుకోమని ఆమె రెండుసార్లు సలహా కూడా ఇచ్చింది.

ఆమె ప్రాజెక్టు నగరం అంచునున్న పెద్ద చెరువు మీద. చెరువు అడుగున ఏటా ఒక పలచటి పొర మట్టి పేరుకుంటుంది. పై పొర నిన్నటిది, కింది పొర తాతల నాటిది. పైపు దించి ఆ పొరలన్నీ చెదరకుండా పైకి తీస్తే, ఏ కాలంలో నీళ్ళలో ఎంత సీసం కలిసిందో కొలవచ్చు. ఆ పని పడవలో ఇద్దరు చేయాలి. బరువులు మోయడానికి పరధ్యానం సరిపోతాడని ఆమే అడిగి తీసుకుంది. పైపు ఒక చివరను రెండు రోజులు కూర్చుని అరగదీసి పదును చేశాడతను. మట్టిలోకి ముందు దిగేది ఆ చివరే.

పైపు పైకి లాగుతుండగా వాన మొదలైంది. పెద్ద వానేం కాదు, నీటి మీద చిన్న చిన్న వలయాలు వేసే జల్లు. గట్లు కనబడకుండా పోయాయి. ఆకాశమూ చెరువూ ఒకే రంగులో కలిసిపోయి, పడవ ఎక్కడుందో పడవకే తెలియనట్టుంది. ఆమె తడిసిన జుట్టు ముడి విప్పి, మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుంది. పైపు పై చివరకు ఎర్ర మూత, కింది చివరకు నల్ల మూత బిగించమని కళ్ళు తెరవకుండానే చెప్పింది. అతను మూతలు బిగించాడు. చూపు మాత్రం మూతల మీద లేదు.

నెల తిరిగేసరికి ఫలితాలొచ్చాయి. ఎర్ర మూత వైపు మట్టిలో సీసం తక్కువ, నల్ల మూత వైపు ఎక్కువ. అంటే చెరువు ఏటేటా బాగుపడుతోందన్నమాట. ఎగువన రంగుల కార్ఖానాలు మూతబడ్డాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ప్రొఫెసర్‌గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. చెరువు నీళ్ళు మళ్ళీ కాలనీలకు వదలాలని చూస్తున్న నగర ఇంజినీర్లు సోమవారం ఆమె సెమినార్‌కు వస్తామన్నారు. ఆమె కొత్త చీర కూడా కొనుక్కుంది.

శనివారం మధ్యాహ్నం ల్యాబ్‌లో పైపు కడుగుతూ అతను ఆగిపోయాడు. పదునుపెట్టిన చివర మీద ఎర్ర మూత ఉంది.

మూత తీశాడు. మళ్ళీ పెట్టాడు. ఎన్నిసార్లు చూసినా పదును అక్కడే ఉంది. ఆమె పొరలన్నీ తలకిందులుగా కొలిచింది. చెరువు బాగుపడటం లేదు, పాడైపోతోంది. ఈ సంగతి లోకంలో తనకొక్కడికే తెలుసు. చెబితే ఆమె మళ్ళీ తన మొహం చూడదు. చెప్పకపోతే ఆ నీళ్ళు జనం తాగుతారు.

ఇంటికెళ్ళి, కుట్టుమిషన్ ముందున్న అమ్మను డొంకతిరుగుడుగా అడిగాడు. జాకెట్టు చేతులు తారుమారుగా కుట్టావనుకో, తీసుకున్నావిడ ముచ్చట పడుతోందనుకో, చెబుతావా అని. అమ్మ తల ఎత్తలేదు.

"వేసుకునేది ఆవిడరా. చెయ్యెత్తితే నలుగురిలో పిగిలిపోతుంది. తిట్టినా సరే, ముందే చెప్పాలి." ఆ తర్వాత కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఇంతకీ ఎవర్రా ఆ అమ్మాయి?"

ఆదివారం ఉదయం ఆమె ల్యాబ్‌లో సెమినార్ గ్రాఫులకు రంగులు దిద్దుకుంటోంది. ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు. పైపూ మూతా ఆమె ముందు పెట్టి జరిగినదంతా చెప్పాడు. ఆమె వేలితో పదును తడిమి చూసింది.

"రెండు రోజులు కూర్చుని నువ్వే అరగదీశావు కదా. ఎలా మర్చిపోయావు?"

"మర్చిపోలేదు. చూడలేదు."

"మరేం చూస్తున్నావు?"

అబద్ధానికి చాలా వీలుంది. వానుంది, పడవ ఊపుంది. కానీ అప్పటిదాకా నిజం చెప్పీ చెప్పీ అతని నాలుక అటే తిరిగిపోయింది.

"మిమ్మల్ని. ఆ రోజే కాదు, మట్టి తిన్న రోజు నుంచీ అంతే."

కిటికీ పక్కన ఫ్యాన్ తిరుగుతోంది. ఆమె కాగితాలన్నీ దగ్గరికి లాక్కుని, తనకు పనుందని, వెళ్ళమని చెప్పింది. అతను వెళ్ళాడు.

సోమవారం సెమినార్ హాలు నిండిపోయింది. అతను చివరి వరసలో, తలుపుకి దగ్గరగా కూర్చున్నాడు. ఆమె కొత్త చీర కట్టలేదు, కళ్ళు నిద్రలేక ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం వణకలేదు. మొదటి మాటలోనే తన నమూనా తలకిందులైందని చెప్పింది. సరిచేసిన లెక్కలు చూపించింది. పై పొరలోనే సీసం ఎక్కువగా ఉందనీ, ఆ నీళ్ళు ఇప్పుడే వదలొద్దనీ ఇంజినీర్లను కోరింది. హాల్లో గుసగుసలు లేచాయి. ఇంజినీర్లు మాత్రం మొహమొహాలు చూసుకుని రాసుకున్నారు.

ప్రొఫెసర్‌గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నిజాయితీకి సంతోషమే కానీ పొరపాటుకి కారణం రికార్డులో రాయాలన్నారు.

"సహాయకుడి దృష్టి మళ్ళింది సార్."

"దేని మీదికి?"

ఆమె చివరి వరస దాకా చూసింది. "నా మీదికి సార్."

హాలు గొల్లుమంది. పరధ్యానం చెవులు కాలిపోయాయి.

ప్రొఫెసర్‌గారు నవ్వు ఆపుకుంటూ, రెండో నమూనా తీస్తే గానీ ఏదీ ఖాయం కాదనీ, దానికి వేరే మనిషిని ఇస్తాననీ అన్నారు.

"వద్దు సార్," అంది ఆమె. "మూతలు నేను పెట్టుకుంటాను. మనిషి మాత్రం అతనే కావాలి."