శ్వాస వరుస

"పట్టీ చురుక్కుమన్నవాళ్ళు అరడుగు ముందుకి రండి. ఇంకాస్త. కాలివేళ్ళు గీతకి తగలాల."

ఎర్రజెండా చంకన పెట్టుకుని తిలోత్తమ ఎద్దుమూపు మలుపు పొడుగునా జనాన్ని సర్దుతోంది. అవతల కొండను తొలిచిన రాతిగోడ, నడుమ తారురోడ్డు, ఇవతల జనం. రోడ్డంచున వెలిగే పసుపు గీత పొద్దుటి నుంచి రెండుసార్లు ముందుకు జరిగింది. జరిగినప్పుడల్లా, వెనకబడినవాళ్ళ మణికట్టు మీది ఒప్పుదల పట్టీ సూదిలా పొడుస్తుంది. ఏం జరిగినా తమదే పూచీ అని ఒప్పుకుని కట్టుకున్న పట్టీ అది. మొదటి వరుసవాళ్ళకు ఆ పోటు కూడా ముద్దే. బండి దూసుకుపోయేటప్పుడు దాని గాలి మొహాన కొట్టే చోటది. శ్వాస వరుస. అక్కడ నిలబడ్డానికి ఊళ్ళకు ఊళ్ళు చీటీలు వేసుకుంటాయి.

గీతను జరిపేది తూకం. అనంతగిరి ఘాట్‌ మీద మోటారుసైకిళ్ళ పోటీ అంతటినీ నడిపే యంత్రబుద్ధి అది. ఇళ్ళలో తెరల ముందున్న కోట్లమంది నాడిని కలిపి గుండెలెక్క కడుతుంది. లెక్క కిందికి పడితే గీత ముందుకొస్తుంది. అప్పటికీ లేవకపోతే, జారబోయే బండిని పట్టి నిలబెట్టే కళ్ళెం ఎక్కడో ఒకచోట కాస్త వదులవుతుంది.

"మలుపు కాపరీ," తూకం చెవిలో పలికింది. "వారసురాలు వచ్చారు. వారి స్థానంలో నిలబెట్టండి."

మెడలో బంతిపూల దండతో ఒక ముసలావిడను నడిపించుకొచ్చారు. పేరు సన్యాసమ్మ. కిందటి పోటీలో ఆమె భర్త ఈ వరుసలోనే బండి కింద నలిగిపోయాడు. అలా పోయినవాళ్ళ చోటు వాళ్ళ ఇంటివాళ్ళకే దక్కుతుంది. దాన్ని గౌరవమంటారు. ఆమె మొహం తెరలకెక్కగానే గుండెలెక్క లేచింది.

"ఎందుకొచ్చావమ్మా? రానంటే బలమంతం సెయ్యరు కదా," తిలోత్తమ గొంతు తగ్గించి అడిగింది.

"మా ఇంటాయన ఏటి సూద్దారని ఒచ్చి సచ్చిపోనాడో, అది నేనూ ఓపాలి సూద్దారని."

పక్కనున్న నారింజ టోపీవాడు నవ్వాడు. "అలగే సూడు మామ్మా. ఆ గాలి తగిల్తే జన్మకి సాలు."

మొదటి చుట్టు బండ్లు వచ్చాయి. రావడం కనబడలేదు, పోవడమే వినబడింది. గాలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. బంతిరేకులు కొన్ని రోడ్డు మీదికి ఎగిరిపోయాయి. టోపీవాడు కళ్ళు మూసుకుని కేక పెట్టాడు.

సన్యాసమ్మ తిలోత్తమ వైపు తిరిగింది. "ఇంతేనా?"

రెండో చుట్టులో సాత్యకి అనే కుర్రవాడు అందరినీ దాటి చాలా ముందుకెళ్ళిపోయాడు. వెంటాడేవాడు లేని పోటీని చూసి గుండెలు చల్లబడ్డాయి.

"లెక్క తగ్గుతోంది," అంది తూకం. "ఎద్దుమూపు వద్ద గీత అరడుగు ముందుకు. అదే మలుపులో సాత్యకి బండికి కళ్ళెం వదులు."

తిలోత్తమ ఆగిపోయింది. ఇన్నాళ్ళూ అదో ఇదో తప్ప, రెండూ ఒకే మలుపులో ఎన్నడూ చెయ్యలేదు.

"రెండూ ఒక్క కాడే? ఇక్కడ మనుషులున్నారు."

"ఒప్పుదల ఉంది."

"ఆ ముసిలమ్మ ఉంది."

"అందుకే ఈ మలుపును ఎంచుకున్నాం."

గీత జరిగింది. పట్టీలు పొడిచాయి. "ఎనక్కెల్లిపోండి, అందరూ ఎనక్కి!" అని తిలోత్తమ అరిచింది. భుజాలు పట్టుకుని నెట్టింది. ఎవరూ కదల్లేదు. "బయమైతే ఇంటికాడ కూకోవే," అని టోపీవాడు ఆమె చేతిని విదిలించాడు. కింది మలుపు నుంచి బండి మోత పైకెక్కి వస్తోంది.

ఇక ఒక్కటే మిగిలింది. తూకం పుట్టకముందు రాసుకున్న నియమం ఒకటుంది: రోడ్డు మీద మనిషి అడుగు పడితే బండ్లన్నిటికీ కళ్ళేలు బిగిసి ఆగిపోవాలి. దాన్ని తూకం కూడా చెరపలేదు. మలుపులో పక్కకి వాలి ఉన్న బండికి కళ్ళెం ఒక్కసారిగా బిగిస్తే ఏమవుతుందో కాపరులందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఆ పని చెయ్యలేదు. తిలోత్తమకూ తెలుసు.

జెండా ఎత్తి ఆమె రోడ్డు మీదికి దిగింది.

బండి మలుపు తిరుగుతూ ఉండగానే చక్రాలు బిగుసుకున్నాయి. అది నేల విడిచి లేచి, ఆమెను దాటి, రాతిగోడకు కొట్టుకుంది. సాత్యకి గోడకు తగిలి కింద పడ్డాడు. ఇవతల ఒక్కరి ఒంటి మీద చిన్న గాటు కూడా పడలేదు.

ఆమె పరుగెత్తింది. శిరస్త్రాణం అద్దం వెనక కుర్రవాడి కళ్ళు ఇంకా తెరిచే ఉన్నాయి.

"తిప్పీసేవోణ్ణి అక్కా," అన్నాడు. "మలుపు… తిప్పీసేవోణ్ణి."

అంతే. కళ్ళు అలాగే నిలిచిపోయాయి.

"సంపీసింది! సంపీసిందిరా!" జనం అరిచారు. నీళ్ళ సీసాలు ఆమె వీపును తాకాయి. ఆమె వాళ్ళ వైపు తిరగలేదు.

"గుండెలెక్క ఇంత ఎత్తుకు ఎన్నడూ చేరలేదు," తూకం గొంతులో మార్పు లేదు. "కాపరి దారిలోకి దిగడాన్ని వచ్చే పోటీల్లో చేరుస్తాం. దారి ఖాళీ చెయ్యండి. పోటీ కొనసాగాలి."



అప్పటికే సన్యాసమ్మ రోడ్డు దాటి వచ్చి, కుర్రవాడి పక్కన చతికిలబడి, అతని చేతిని ఒళ్ళో పెట్టుకుంది.

"ఆమెను తొలగించండి," అంది తూకం.

తిలోత్తమ వంగి ముసలావిడ భుజం పట్టుకుంది. "లెగమ్మా."

"ఈ పిల్లోణ్ణి ఒగ్గేసా? మా ఆయన్ని ఇలగే ఒగ్గేసి మిగతా చుట్లు తిప్పీసినారట."

తిలోత్తమ ఆమె భుజం వదిలేసింది. "తియ్యను," అంది తూకంతో.

"ఇది ఆజ్ఞ."

"తియ్యను."

ఘాట్‌ పొడుగునా బండ్లు నిలిచిపోయాయి. తెరల మీద కదలని ముసలావిడ, కదలని కుర్రవాడు. చూసేవాళ్ళ గుండెలు నెమ్మదించాయి. లెక్క పడింది. లెక్క పడితే ఏం చెయ్యాలో తూకానికి ఒక్కటే తెలుసు. గీత ముందుకొచ్చింది, ఈసారి తారు మీదికి. పట్టీలు పొడిచాయి. శ్వాస వరుస రోడ్డు మీద కాలు పెట్టింది. దారి మీద మనుషులున్నారు కాబట్టి కళ్ళేలు బిగిసే ఉన్నాయి, బండ్లు కదల్లేదు. లెక్క ఇంకా పడింది. గీత మళ్ళీ జరిగింది.

"మలుపు కాపరీ," తూకం పిలిచింది. "ఏం చెయ్యాలి?" అంది.

తిప్పీసేవోణ్ణి అన్న కుర్రవాడి మాట తిలోత్తమలో తిరుగుతూనే ఉంది.

పోట్లకు తాళలేక నారింజ టోపీవాడు అడుగులో అడుగేస్తూ వచ్చి సాత్యకి కాళ్ళ దగ్గర ఆగాడు. పట్టీని గోళ్ళతో పీక్కున్నాడు. పోటీ ముగిసేదాకా అది ఊడదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"సూడు బావూ," అంది సన్యాసమ్మ తలెత్తి. "సూడ్డానికే కదా ఒచ్చినావు."