జంటతాడు అటు చివర

గంగుదిబ్బ రేవులో ఉదయం తొమ్మిదయింది. కొబ్బరాకుల షెడ్డు కింద నలభై మంది జాలరులు బల్లల మీద కూర్చుని, తలో మూరెడు తాడు పట్టుకుని వేట చేస్తున్నారు. పడవలు నడిసముద్రంలో, మనుషులు ఒడ్డున! డీజిలు రోజులు పోయి తెరచాప తిరిగొచ్చాక పట్టిన వైభోగమిది. దాని పేరు జంటతాడు. అక్కడ చాపను పట్టి ఉంచే తాడును గాలి ఎంత లాగితే, ఇక్కడ చేతిలోని తాడూ అంత లాగుతుంది. ఇక్కడ వేలెడు వదిలితే అక్కడ బారెడు వదులవుతుంది. ఇక సముద్రం ఎవరినీ మింగదని దాన్ని చేసినవాళ్లు చెప్పారు. పదేళ్లుగా మింగలేదు కూడా.

పోలమ్మకు మాత్రం ఆ పూట ఒళ్లంతా చెమటలు. నాలుగు రోజులుగా ఆమె పడవ తాడు కప్పీలో పట్టేస్తోంది. ఉప్పు పేరుకుంది. రేవు కార్యాలయానికి చెబితే పడవను ఒడ్డుకు లాగి వారం రోజులు కూర్చోబెడతారు, అదీ చేపలు బాగా పడుతున్నప్పుడు.

"చాపకి గాలెక్కి తాడు లాగినప్పుడే కదే అమ్మా, ఎక్కడ పట్టేత్తాందో తెలిసేది. నానెల్లి ఉప్పు గీకి, కప్పీకి నూనె రాసి వత్తాను" అంది కూతురు మణెమ్మ.

మనిషి ఎక్కిన పడవ కదలకూడదని నియమం. తెలిసీ పోలమ్మ కాదనలేదు, పొద్దున్నే ఎవరూ చూడకుండా ఎక్కించి పంపింది. జంటతాళ్లను కనిపెట్టుకుని ఉండే యంత్రం లెక్కలో ఆ పడవ మీద మనుషులు సున్నా.

ఈదురుగాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. తాడు పోలమ్మ అరచేతిని ఒరుసుకుంటూ జారింది. ఆ వెంటనే బరువు తగిలింది, గాలిది కాని బరువు. ఎదుట ఉన్న అద్దపు పలక ఎర్రబడి తీరిగ్గా చెప్పింది: "తాడుకు చెత్త చిక్కుకుంది. అరవై లెక్కపెట్టి కోసేస్తాను."

అప్పుడే తాడు ఆమె చేతిని గుంజింది. ఒకటి, రెండు, మూడు.

వెనకటి రోజుల్లో, రాళ్లలో చిక్కిన వల విడదీయడానికి మునిగేవాడు నడుముకు తాడు కట్టుకునేవాడు. మూడుసార్లు గుంజితే పైకి లాగమని. మణెమ్మ చిన్నప్పుడు ఆకలేస్తే తల్లి కొంగును అలాగే గుంజేది.

"ఓలమ్మో! నా పిల్ల నీళ్లలో పడిపోనాది!" పోలమ్మ రెండు చేతులా తాడు బిగించింది.

పక్క బల్ల మీది ముసలి ఎర్రెన్న ఒక్క ఉదుటున లేచాడు. "బిగించకే పోలీ! చాపకి గాలెక్కితే పడవ పరిగెడతాది, పిల్లని ఈడ్సుకుపోతాది. ఒదులియ్యి! చాప టపటపా కొట్టుకుంటే పడవ ఆగుతాది. అప్పుడు తాడట్టుకుని అదే ఎక్కుతాది."

"ఒదిలితే దాని సెయ్యి నాకు తెలదు మావా!"

"తెలదు. అయినా ఒగ్గెయ్!"

పలక మీద ముప్పై రెండు. పోలమ్మ వేళ్లు ఆమె మాటే వినలేదు. బిడ్డ అటు చివర వేలాడుతుంటే వదలమని ఏ తల్లి చేతికి చెప్పగలం? నలభై, నలభై అయిదు. ఎర్రెన్న ఆమె చేతుల మీద చెయ్యి వేయబోయి ఆగిపోయాడు. యాభై రెండు దగ్గర ఆమె కళ్లు మూసుకుని మూరెడు తాడూ జారనిచ్చింది.

తాడులో ప్రాణం పోయింది. పలక ఆకుపచ్చబడి, "చెత్త తొలగిపోయింది" అని సంతోషంగా ప్రకటించింది.

ఇద్దరు రక్షణ పడవ కోసం పరుగెత్తారు. పోలమ్మ సడలిన తాడును ఒళ్లో పెట్టుకుని, "నా తప్పే గంగమ్మ తల్లీ, నానే పంపినాను, నా బుద్ధి గడ్డి తిన్నాది" అని గొణుగుతూనే ఉంది. పావుగంట గడిచింది.

అప్పుడు ఒళ్లోని తాడు కదిలింది. ఒకటి, రెండు, మూడు. ఈసారి బరువు లేదు. ఆకలేసిన పిల్ల కొంగు గుంజినట్టుంది. పోలమ్మ ఘొల్లుమంది.

రేవు కార్యాలయం ఇప్పుడు కొత్త లోపమొకటి రాసుకుంటోంది. గంగుదిబ్బలో ఏ పడవా వేళకు బయల్దేరడం లేదు. నలభై మందీ తాడు అందుకోగానే మూడుసార్లు గుంజి, కదలకుండా కూర్చుంటున్నారు. పడవలు ఖాళీ అని వాళ్లకు తెలుసు, ఒక్కొక్కటీ వెతికి చూసి సముద్రంలోకి తోసింది వాళ్లే. అయినా అటునుంచి ఎవరైనా జవాబిస్తారేమోనని కాసేపు చూస్తారు.