బేచిరాక్ ఊరికి కిరసనాయిలు

2071 నాటికి పాత గెజిట్లు చదివే మనుషులు మిగల్లేదు. వాటితో మాట్లాడే యంత్రం వచ్చింది. పేరు పత్రవాణి. ప్రభుత్వం ఎన్నడో అచ్చువేసి మరిచిపోయిన గెజిట్లు, జనాభా లెక్కలు, టీకాల నివేదికలు అన్నీ పక్కపక్కన పెట్టి, ఒకటి దాచినదాన్ని మరొకదాని నోట చెప్పిస్తుంది. సర్కారు ఒక పుస్తకంలో అబద్ధం ఆడగలదు. అన్నింటిలోనూ అదే అబద్ధం ఆడే ఓపిక దానికెక్కడిది!

ఆ ఏడు పాత జలాశయాన్ని కూల్చేశారు. నీళ్లు దిగి, మునిగిన ఊళ్ల నేల బయటపడింది. ఆ నేల వారసులకే ఇస్తామన్నారు. పత్రవాణిని తయారుచేసిన డాక్టర్ తన్వి ఎదుట, మొగిలిగుట్ట మాదేనంటూ ముసలి సాయవ్వ కూర్చుంది.

"మొగిలిగుట్ట, బేచిరాక్ గ్రామం" అంది యంత్రం.

చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే దిక్కులేని ఊరని రెవెన్యూ వాళ్ల మాట. మనుషులే లేరన్నాక, జలాశయం కట్టిననాడు పరిహారం ఎవరికిస్తారు? ఆ ఒక్క మాటతో సాయవ్వ వాళ్లు మూడు తరాలు కూలికి పోయారు.

"దీపం లేకపోవుడేంది? మా తాత ఆణ్నే పుట్టిండు!" సాయవ్వ భగ్గుమంది. "రాసినోని నోట్ల మన్నువడ!"

"ఊరు మునిగిన ఏడాది దాని పేరు ఇంకెక్కడైనా ఉందా?" తన్వి యంత్రాన్ని అడిగింది.

"పౌరసరఫరాల నివేదికలో ఉంది. మొగిలిగుట్టకు నెలనెలా కిరసనాయిలు ఇచ్చారు."

దీపం లేని ఊరు నూనె తాగిందా మరి! తన్వి నవ్వేసింది. సాయవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది.

"మా పానం నిలవెట్టినవ్ బిడ్డా."

తన్వి అక్కడితో ఆగితే బాగుండేది. "బేచిరాక్ అని ఎవరు రాయించారు?" అని అడిగింది.

"సర్వే నివేదిక అడుగున సన్నచ్చులో ఉంది. ఇప్పలగూడెం పెద్దలు చెప్పగా రాసినది."

"వాగవతలోళ్లా! మా నాయనమ్మ పుట్టిల్లు గదా అది!"

"ఇప్పలగూడెం కూడా బేచిరాక్ అనే ఉంది. మొగిలిగుట్ట ఐలయ్య చెప్పగా రాసినది."

ఐలయ్య సాయవ్వ ముత్తాత. పక్క ఊరు లేదంటే దాని పరిహారమూ మనకే వస్తుందని రెండూళ్లవాళ్లూ ఆశపడ్డారు. సర్కారు ఇద్దరి మాటా నమ్మి, ఎవరికీ పైసా ఇవ్వలేదు.

"మొగిలిగుట్ట హక్కు రుజువైంది" అంది యంత్రం. "ఇప్పలగూడేనికి ఏ పుస్తకంలోనూ రుజువు దొరకలేదు. పక్క ఊరి వారసుల సాక్ష్యం చెల్లుతుంది. అక్కడ మనుషులు ఉండేవారా? లేరంటే ఆ నేల మొగిలిగుట్టలో కలుస్తుంది."

"చెప్పండి అవ్వా" అంది తన్వి ధీమాగా. ఇన్నేళ్లు ఏడ్చిన మనిషి ఇంకొకరి ఏడుపు ఎరగదా?

సాయవ్వ గోడమీది పటం కేసి చూసింది. వాగుకు అటూ ఇటూ నల్లరేగడి, ఒక్క చెక్కగా.

"ఆడ ఎవ్వలు లేకుండిరి బిడ్డా" అంది.